ముందు కంచం, తర్వాత కాటా: గోదావరి డెల్టాలో చిన్న రైతు తన ఇంటి తిండి తనే పండించుకోవడం ఎలా

డిసెంబర్‌లో సార్వా (వానాకాలం వరి) ధాన్యం కళ్ళంలోనే కాటా వేసి లారీ ఎక్కించేస్తాం. ఫిబ్రవరి తిరిగేసరికి అదే ఇంట్లోకి పాతిక కిలోల బియ్యం బస్తా కిరాణా కొట్టు నుంచి అప్పు మీద వస్తుంది. పప్పు ఎప్పుడూ కొన్నదే. కూరగాయలు ఆటోలో వస్తే కొన్నవే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఎక్కడెక్కడి వాళ్ళకో అన్నం పెడుతున్న నేల ఇది. ఆ నేలలో నడుం వంచి ఊడ్పులు (వరి నాట్లు) ఊడ్చే ఇంట్లో, పిల్లల కంచంలో అన్నం, చారు తప్ప ఇంకేమీ కనపడని రోజులు నేను చాలా చూశాను. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అది చదివినప్పుడు నాకు మా ఊరి ఆకుమళ్ళ (వరి నారు పెంచే మళ్ళ) దగ్గర కళ్ళు తిరిగి గట్టు మీద కూర్చుండిపోయిన ఆడవాళ్ళే గుర్తొచ్చారు.

ఎకరం నుంచి మూడెకరాల లోపు, సొంతమో కౌలో చేసుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మనం ఏటా ఊళ్ళో అందరూ ఏం వేస్తే అదే వేసి, అమ్మి, మిగిలినదాంతో తింటున్నాం. దాన్ని తిరగేసి చూడండి. ఇంటికి ఏడాదికి ఏం కావాలో ముందు తేల్చుకుని, దానికి చోటు ఎక్కడో చూసుకుని, ఆ తర్వాత మిగతా నేలలో అమ్మకపు పంట వేయండి. ఒక్క ఏడాదిలో అన్నీ కుదరవు. రెండు మూడు ఏళ్ళు పెట్టుకోండి.

1. ముందు కాగితం మీద లెక్క

పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఈ లెక్కకి ఇంటావిడ పక్కన ఉండి తీరాలి. ఏ నెలలో ఏం అయిపోతుందో ఆవిడకే తెలుసు.

నలుగురున్న ఇల్లు అనుకుందాం. మనిషికి రోజుకి 400 గ్రాముల బియ్యం వేసుకుంటే ఏడాదికి 584 కిలోలు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకి 5 కిలోల చొప్పున 240 కిలోలు వస్తాయి. ఇక కావలసింది 344 కిలోలు. క్వింటాలు ధాన్యానికి 66 కిలోల బియ్యం అనుకుంటే 520 కిలోల ధాన్యం, అంటే మన 75 కిలోల బస్తాల్లో ఏడు. రేషన్ బియ్యం వాడని ఇల్లయితే పన్నెండు బస్తాలు. ఎకరానికి పాతిక బస్తాలు పండినా అందులో ఏడు బస్తాలు ఉంచుకోలేక, నాలుగు నెలలు తిరక్కుండా ఎక్కువ ధరకి బియ్యం కొంటున్నాం. ఆ ఏడు బస్తాలకి ఒక పేరు పెట్టుకోండి. మా ఇంట్లో "తిండిగింజలు" అంటాం. అప్పులవాడు వచ్చినా, కౌలు కట్టాల్సి వచ్చినా వాటి జోలికి వెళ్ళం.

పప్పు లెక్క చూస్తే నిజంగా దిగులు వేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళకి రోజుకి 85 గ్రాముల పప్పులు, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు చెప్పారు. నలుగురికీ అదే కొలత వేస్తే ఏడాదికి 124 కిలోల పప్పు, రోజుకి కిలోన్నర పైన కూరగాయలు. చిన్న పిల్లలుంటే కాస్త తగ్గించుకోండి. మీరు ఇప్పుడు కొంటున్నది దాని పక్కన రాసి చూడండి. మా ఊళ్ళో అడిగిన ఇళ్ళలో నెలకి రెండు మూడు కిలోల కందిపప్పు మించి కొనేవాళ్ళు చాలా తక్కువ.

నూనె, చింతపండు, ఉల్లిపాయలు, ఎండుమిరప కొనక తప్పదు. వాటికి డబ్బు కావాలి కాబట్టే అమ్మకపు పంట. అంతా ఇంట్లోనే పండించాలని పట్టుదలకి పోతే రెంటికీ చెడతాం.

2. కౌలు మాటలు ముందే తేల్చుకోవడం

డెల్టాలో దున్నేవాళ్ళలో కౌలు రైతులు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. సార్వా మొదలుకాక ముందే భూమి గలవాళ్ళతో మూడు మాటలు తేల్చుకోండి. గట్ల మీద కంది వేసుకోవచ్చా? సార్వా కోశాక అపరాలు (మినుము లాంటి పప్పు పంటలు) వేస్తే దానికి వేరే కౌలు ఉందా? పచ్చిరొట్ట (నేలలోనే కలియదున్నే పచ్చి మొక్కల ఎరువు) వేసి నేల బాగుచేస్తే కనీసం మూడేళ్ళు మీ చేతిలోనే ఉంచుతారా? మూడో ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. కానీ వచ్చే ఏడు వేరేవాళ్ళకి ఇచ్చేసే పొలంలో ఎవరూ ఎరువు పోయరు. నేల చెడిపోతే నష్టం వాళ్ళకే అని నెమ్మదిగా చెప్పి చూడండి. కొందరు వింటారు.

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు 11 నెలలకు ఉంటుంది. దాని వల్ల భూమి హక్కుకి ఏ ఇబ్బందీ రాదని యజమానికి గ్రామ సచివాలయంలోనే చెప్పించండి. మీరే చెప్పే కన్నా అది నమ్ముతారు. కార్డు రాకపోయినా ఈ-పంట నమోదు (ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునేది) మాత్రం మీ పేరున చేయించుకోండి. ధాన్యం అమ్ముకోవాలన్నా, తుపాను నష్టం రాయించుకోవాలన్నా అదే ఆధారం. నమోదు అయ్యాక రైతు సేవా కేంద్రంలో మీ పేరు, సర్వే నంబరు ఒకసారి స్వయంగా చూసుకోండి.

3. తారీఖులు నదిని బట్టి, రకం పల్లాన్ని బట్టి

మన దగ్గర ఆకలికి పెద్ద కారణాల్లో ఒకటి, కోతకొచ్చిన చేను నీళ్ళపాలవడం. 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను కోనసీమని ఎలా పడగొట్టిందో చూసినవాళ్ళు ఇప్పటికీ నవంబర్ అంటే భయపడతారు. కాలువలకి జూన్ మొదట్లోనే నీళ్ళు వదలాలనడం వెనక ఉన్నది ఆ లెక్కే. జూన్‌లో ఆకుమడి పడితే జూలై మొదట్లో ఊడ్పులు అవుతాయి, తుపాన్ల రోజులకి చేను చాలావరకు గట్టెక్కుతుంది. శివారు భూములకు నీళ్ళు ఆలస్యంగా వస్తాయి. అక్కడ ఊడ్పుల కోసం కాచుకుని కూర్చోకుండా, మురుగు పోయే చేలయితే డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తడం మంచిది. ఊడ్పు కూలి కూడా మిగులుతుంది.

రకం ఎంచుకునేటప్పుడు పక్కవాడి దిగుబడి కాకుండా మీ చేను పల్లం చూడండి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దేశమంతా పాకిన మన గోదావరి రకం. కానీ అది 150 రోజుల పంట. ఆలస్యమైతే కోత సరిగ్గా తుపాన్ల నడుమ పడుతుంది. వారం పది రోజులు మునిగే పల్లపు చేలకి స్వర్ణ సబ్-1 అని ఉంది. పిలక దశలో దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. దాళ్వాకి (సార్వా తర్వాత వేసే రెండో వరికి) ఎంటీయూ 1010 లాంటి 120 రోజుల రకాలు చాలు. మీకు రెండు చెక్కల పొలం ఉంటే రెండు రకాలు వేయండి. ఒకటి పోయినా ఒకటి ఇంటికొస్తుంది.

సముద్రం దగ్గరి మండలాల వాళ్ళకి ఒక మాట. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు వేయకుండా వదిలేశారంటే అందులో గిట్టుబాటు బాధ ఎంత ఉందో, మురుగు దిగని బాధ కూడా అంతే ఉంది. మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ పేరుకుపోతే పైన ఏ ఎరువు వేసినా దండగ. మే నెలలో కాలువలు కట్టేసినప్పుడు పది ఇళ్ళ వాళ్ళు కలిసి మీ చేల వెనక ఉన్న చిన్న బోదెల్లో (పిల్ల కాలువల్లో) పూడికైనా తీసుకోండి. నేలలో ఉప్పు ఉంటే మట్టి పరీక్ష చేయించాకే జిప్సం కొనండి. జిప్సం పనిచేసేది క్షారపు చౌడుకి. సముద్రపు ఉప్పు ఎక్కిన నేలకి మంచినీళ్ళు పెట్టి, కడిగి, మురుగులోకి దించడమే మందు. పక్కన రొయ్యల చెరువు తవ్వుతుంటే మీ చేనుకీ దానికీ మధ్య ఊట కాలువ తవ్వాలని తవ్వకం మొదలయ్యే ముందే గట్టిగా అడగండి. తవ్వాక అడిగితే వినేవాళ్ళు ఉండరు.

4. నేలకి తిండి

రెండు పంటల వరి, మళ్ళీ మళ్ళీ యూరియా, కోత మిషన్ వెనక గడ్డి తగలబెట్టడం. ఇలా ఇరవై ఏళ్ళు చేశాక నేల గట్టిపడిపోతే ఆశ్చర్యం లేదు. చిన్న రైతుకి ఇందులో ఉన్న ప్రమాదం పెట్టుబడి. ఎరువుల బిల్లు పెరిగే కొద్దీ తిండిగింజల బస్తాలు అమ్ముకోవాల్సి వస్తుంది.

అందరికీ అందుబాటులో ఉన్నది పచ్చిరొట్ట. దాళ్వా కోత అయ్యాక నేలలో తడి ఉంటే అప్పుడే, లేదంటే మే నెల వానలకి, ఎకరానికి 10 నుంచి 12 కిలోల జీలుగ చల్లండి. 40, 45 రోజులకి పూత మొదలవుతుంది. ఆ లేత కాండం ఉన్నప్పుడే నీళ్ళు పెట్టి కలియదున్నాలి. పూత దాటితే కాడలు ముదిరి కుళ్ళవు, ఊడ్చేవాళ్ళ కాళ్ళకి గుచ్చుకుంటాయి. విత్తనం రాయితీ మీద రైతు సేవా కేంద్రానికి వస్తుంది, కానీ త్వరగా అయిపోతుంది. ఏప్రిల్‌లోనే పేరు రాయించుకోండి.

పశువు ఉన్నవాళ్ళు జీవామృతం చేసుకోవచ్చు. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు కలిపి నీడలో ఉంచాలి. పొద్దున, సాయంత్రం కర్రతో కుడివైపుకి తిప్పుతూ రెండు రోజులు ఆగి, వారం లోపు వాడేయాలి. నీళ్ళు పెట్టేటప్పుడు బోదె దగ్గర సన్నటి ధారగా వదిలితే చేనంతా పారుతుంది. రైతు సాధికార సంస్థ వాళ్ళు ఊళ్ళలో ప్రకృతి సేద్యం నేర్పిస్తున్నారు, ఒకసారి వాళ్ళ పొలం చూసి రండి. ఒక హెచ్చరిక చేయాలి: ఎప్పుడూ యూరియా మీద నడిచిన చేనులో మొదటి ఏడే ఎరువులన్నీ ఒక్కసారిగా ఆపకండి. దిగుబడి పడిపోతే ఇంటికి తట్టుకునే శక్తి ఉండదు. ముందు పావు ఎకరంలో చేయండి. తిండిగింజలు ఆ చెక్కలోవే ఉంచుకోండి. మిగతా చేనులో యూరియా కొంచెం కొంచెంగా తగ్గించండి.

పశువు లేనివాళ్ళే ఎక్కువ కదా. వాళ్ళకి గుర్రపుడెక్క ఉంది. కాలువ నిండా తేలే ఆ మొక్కని పూత రాకముందు తీసి, రెండు రోజులు ఒడిలేదాకా ఆరబెట్టండి. అడుగు మందాన పరిచి, పైన పేడ నీళ్ళు చల్లి, కుళ్ళిన గడ్డి వేసి, మళ్ళీ డెక్క, ఇలా నడుం ఎత్తు వరకు పేర్చండి. పేడ పక్కింట్లో నాలుగు తట్టలు అడిగితే సరిపోతుంది. నెలకోసారి తిరగేస్తే మూడు నెలలకి నల్లటి ఎరువు అవుతుంది. పట్నం మురుగు, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే కాలువలోది మాత్రం ముట్టుకోవద్దు. అందులోని విషాలన్నీ ఆ మొక్క పీల్చుకుంటుంది.

దాళ్వాకి వంతుల వారీ నీళ్ళు వచ్చేటప్పుడు చేను ఎప్పుడూ నిండుగా ఉండాలని టెన్షన్ పడక్కర్లేదు. అడుగు పొడవు పైపుకి కింది భాగంలో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల భాగాన్ని చేనులో పాతి, లోపలి మట్టి తీసేయండి. నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్లు దిగువకి దిగాకే మళ్ళీ తడి పెట్టొచ్చు. పూత దశలో మాత్రం వారం ముందు నుంచి వారం తర్వాత వరకు నీళ్ళు తగ్గనివ్వకండి. ఊడ్పుల్లో ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే దోమపోటు (వరి రసం పీల్చే దోమ బెడద) తగ్గుతుంది, ఒక మందు కొట్టే ఖర్చు మిగులుతుంది.

5. పప్పు ఎక్కడ పండుతుంది

గట్టు మీద, వరి కోసిన చేనులో.

జూన్, జూలైలో గట్లు కాస్త వెడల్పు చేసి, రెండు మూడు అడుగులకి ఒక కుదురు చొప్పున కంది పెట్టండి. కుదురుకి రెండు గింజలు చాలు. మధ్య మధ్య బెండ, గోంగూర వేస్తే కంది ఎదిగేలోపు అవి చేతికొస్తాయి. ఎలుకల బొరియలు, పీతల కన్నాలు ఎప్పటికప్పుడు పూడ్చకపోతే గట్టు తెగుతుందని యజమాని గొడవ పడతాడు, అందులో తప్పు లేదు. సంక్రాంతి ప్రాంతానికి కందికాయ కోతకొస్తుంది. గట్టు కంది మీద ఏ రసాయన మందూ కొట్టకండి. దాన్ని తినేది మీ పిల్లలే.

మినుము సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. దాళ్వాకి నీళ్ళు రాని చేలలో, లేదా మీరే వదులుకున్న అరెకరంలో, సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు, నేలలో కాలు కొద్దిగా దిగే తడి ఉన్నప్పుడు ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం నిలబడ్డ వరిలోనే వెదజల్లుతారు. కొడవలి కోతయితే ఇది బాగా కుదురుతుంది. మిషన్ కోతయితే మొలకలు చక్రాల కింద నలిగిపోతాయి. అక్కడ కోత అయిన వెంటనే, తడి ఆరకముందే, రెండు కిలోలు ఎక్కువ విత్తనంతో చల్లుకోవాలి. నవంబర్ రెండో పక్షం నుంచి డిసెంబర్ నెలాఖరు లోపు అయిపోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ తేమ చాలదు, తెగుళ్ళు ఎక్కువ.

ఈ పంటకి ఇద్దరు శత్రువులు. ఒకటి పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది. చేనులో అక్కడక్కడా పసుపు ఆకులు కనపడగానే ఆ మొక్కల్ని పీకి బయట పూడ్చాలి. చేను చుట్టూ నాలుగు వరసలు జొన్న దట్టంగా వేస్తే దోమ పక్క చేల నుంచి రావడం తగ్గుతుంది. రెండోది బంగారు తీగ. చూడ్డానికి పసుపు దారంలా అందంగా ఉంటుంది, కానీ మినుముని చుట్టుకుని రసం పీల్చేస్తుంది. అది విత్తనంతోనే వస్తుంది. కాబట్టి కొన్న మినుముల్ని జల్లెడ పట్టకుండా చల్లొద్దు. తీగ కనిపిస్తే పూత పూయకముందే, అది అల్లుకున్న మినుము మొక్కతో సహా పీకి కాల్చేయండి. మా చేనులో ఒక ఏడు చిన్న చుట్టే కదా అని వదిలేశాం. ఆ గింజ నేలలో ఏళ్ళ తరబడి బతికే ఉంది, ఆ మూల ఇప్పటికీ మొలుస్తోంది.

అరెకరం మినుము బాగా పండితే ఇంటి ఇడ్లీకి, పిల్లలకి సున్నుండలకి పోను కొంత అమ్ముకోవచ్చు. వరి తర్వాత పప్పు పంట వేరు బుడిపెల్లో నిలిచిన నత్రజని మళ్ళీ వరికే పనికొస్తుంది.

6. పెరడు, అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది

ఈ వ్యాసంలో ఒక్కటే చేయగలరనుకుంటే ఇదే చేయండి. రెండు మూడు సెంట్లు చాలు. సొంత చోటు లేకపోతే కొబ్బరి తోట గలవాళ్ళని చెట్ల మధ్య చోటు అడగండి.

డెల్టాలో పెరటి కూరలకి వచ్చే చిక్కు వానాకాలం. జూలై నుంచి అక్టోబర్ దాకా నీళ్ళు నిలుస్తాయి, మొక్కల వేర్లు కుళ్ళిపోతాయి. అందుకని మళ్ళు నేల మట్టానికి వేయకండి. మూడడుగుల వెడల్పు, కనీసం అడుగు ఎత్తు మెరకలు పోసి, మధ్య కాలువలు తీయండి. ఆ కాలువలోని మట్టే మెరక మీదికి. అంచులకి కొబ్బరి డొక్కలు పేర్చితే వానకి జారిపోదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంక (నది మధ్య దిబ్బ) వైపు పెరళ్ళన్నీ పోయాయి. మా మళ్ళతో పాటు విత్తనాల డబ్బా కూడా కొట్టుకుపోయింది. వరద తీశాక తోటకూర గింజల కోసం కూడా బజారుకి వెళ్ళాల్సి రావడం నాకు బాగా కష్టం అనిపించింది. అప్పటినుంచి ప్రతి రకం విత్తనం రెండు సీసాల్లో ఉంచుతాం. ఒకటి అటక మీద, ఇంకోటి మెరకలో ఉన్న చుట్టాలింట్లో. లంకల్లో ఉండేవాళ్ళు ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే దుంపలు, సొర, గుమ్మడి లాంటి నిలవుండే కాయలు కోసి పైన పెట్టేయండి. 13.75 అడుగులకి రెండోది ఇచ్చేసరికి చాలా లంకల్లో అంత వ్యవధి ఉండదు.

ఏం వేయాలి? మన అమ్మమ్మలు వండిన కంద బచ్చలి కూరనే చూడండి. కంద కొబ్బరి నీడలో పెరుగుతుంది, బచ్చలి కంచె మీద పాకుతుంది. రెంటికీ పెద్ద సేవ అక్కర్లేదు. మే, జూన్‌లో మట్టి ఎత్తుచేసి పావు కిలో నుంచి అర కిలో కంద ముక్కలు నాటితే ఎనిమిది తొమ్మిది నెలలకి తవ్వుకోవచ్చు. తవ్విన దుంప నీడలో నెలల తరబడి చెడదు. బియ్యం తగ్గిన రోజున కడుపు నింపేది అదే. బియ్యం కన్నా ముందు దుంపల మీద నమ్మకం పెట్టుకోమని నేను మా ఊళ్ళో అందరికీ చెబుతుంటాను.

ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు, ఒక నిమ్మ, ఒక బొప్పాయి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల బండి దగ్గర తక్కువలోనే దొరుకుతాయి. మునగకి నీళ్ళు నిలవకూడదు, మెరక మీదే పెట్టండి. ఏటా కాపు అయ్యాక మూడడుగుల ఎత్తులో నరికితే చేతికందేలా చిగురిస్తుంది. మునగాకు పప్పు వారానికి రెండుసార్లు వండితే ఆడపిల్లలకి మంచిది. అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు పారే చోట రెండు అరటి పిలకలు, పక్కనే చేమ. తడిసిన మూలల్లో పొన్నగంటి కూర కాడ ముక్క గుచ్చినా బతుకుతుంది. వానాకాలానికి బెండ, గోంగూర, పందిరి మీద ఆనప, బీర, పొట్ల. నవంబర్ నుంచి టమాటా, వంగ, మిరప, చిక్కుడు. తోటకూర మాత్రం పదిహేను రోజులకోసారి ఒక గజం మడిలో చల్లుతూనే ఉండండి. అంతా ఒకేసారి చల్లితే ఒకేసారి ముదిరిపోతుంది.

పురుగుకి వేపగింజల కషాయం చాలు. 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి 100 లీటర్ల నీళ్ళలో కలపాలి. పెరటికి అందులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. వేపగింజలు జూన్, జూలైలో రాలినప్పుడే ఏరి ఎండబెట్టి దాచుకోండి.

7. గుడ్లు, చేపలు

పది పెరటి కోళ్ళున్న ఇంట్లో పిల్లలకి వారానికి మూడు నాలుగు గుడ్లు కొనకుండా వస్తాయి. నాటుకోళ్ళు కాకపోతే హైదరాబాద్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చుకోవచ్చు. మొదటి ఆరు వారాలు వెచ్చగా, పిల్లికి అందకుండా చూసుకోవడమే కష్టం. కొక్కెర తెగులుకి టీకా వేయించని కోళ్ళు ఒక్క వారంలో అన్నీ పోతాయి. మొదటి వారంలో లసోటా చుక్క, రెండు నెలలప్పుడు ఆర్2బీ సూది. పది కోళ్ళకి సీసా విప్పరు కాబట్టి డ్వాక్రా సంఘంలో వాళ్ళంతా ఒకే రోజు పెట్టుకుని పశువైద్యశాలకి చెప్పండి. కోళ్ళు ఉన్నట్టుండి గుంపుగా చనిపోతే వాటిని కోయవద్దు, పారేయవద్దు, వెంటనే కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, ఇంకా మరచిపోలేదు.

ఇంటి వెనక గుంట ఉంటే వానాకాలంలో కొన్ని బొచ్చె, శీలావతి పిల్లలు వదలండి. తవుడు, వంటింటి మిగులు చాలు. దాన్ని వ్యాపారంగా మార్చి మేత కొనడం మొదలుపెడితే లెక్క మారిపోతుంది.

8. విత్తనం, నిలవ

వరి విత్తనం ప్రతి ఏడూ కొనక్కర్లేదు. ఊడ్చేటప్పుడే చేను మధ్యలో, గట్టుకి దూరంగా నాలుగు సెంట్లు విత్తనానికి అని గుర్తు పెట్టుకోండి. పూత దశలో ఒకసారి, గింజ ముదిరేటప్పుడు ఒకసారి దిగి బెరుకులు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) పీకేయండి. ఆ చెక్కని విడిగా కోసి, విడిగా నూర్చి, రెండు మూడు ఎండలు పెట్టి, గింజ కొరికితే టక్కుమనేదాకా ఆరబెట్టి గోనెలో వేపాకుతో కట్టండి. ఎకరం ఊడ్పుకి 20 నుంచి 25 కిలోలు కావాలి. మేలో వంద గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి చూడండి. ఎనభైకి పైగా మొలిస్తే విత్తనం మంచిదే. మూడేళ్ళకోసారి మార్టేరు నుంచో, నమ్మకమైన చోట నుంచో కొత్త విత్తనం తెచ్చుకుంటే చాలు. హైబ్రిడ్ గింజకి మాత్రం ఇది పనిచేయదు.

పప్పుల్ని పుచ్చు నుంచి కాపాడటమే అసలు పని. మూడు ఎండలు గట్టిగా పెట్టి, వేడి చల్లారాక కిలోకి ఒక చెంచా ఆముదం పట్టించి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోయండి. డబ్బా నిండా ఉండాలి, గాలి చోటు వదలొద్దు. వర్షాకాలం మొదట్లో ఇంకోసారి ఎండ చూపించండి. విత్తనానికి ఉంచే మినుముకి బూడిద కలపొచ్చు. వేసవిలో ఎక్కువ వచ్చిన వంగ, గోరుచిక్కుడు ఒరుగులు చేసుకుంటే, ఆషాఢంలో వరద వచ్చి బజారు మూసినప్పుడు పులుసులోకి వస్తాయి.

పూర్వం ధాన్యం దాచుకోవడానికి పురులు, గాదెలు ఉండేవి. ఇప్పుడు డాబా ఇళ్ళలో చోటు లేదంటారు. ఏడు బస్తాలకి మంచం కింద కూడా చోటు సరిపోతుంది. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి.

9. ఆ తర్వాత అమ్మకం

2025-26కి సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకి 2369 రూపాయలు, ఏ గ్రేడుకి 2389 మద్దతు ధర. 75 కిలోల బస్తా లెక్కన సాధారణ రకానికి సుమారు 1777. తేమ 17 శాతం దాటకూడదు. దళారి తేమ పేరు చెప్పి బస్తాకి ఇంత అని కోస్తానంటే, రైతు సేవా కేంద్రంలోని మీటరుతో చూపించి మాట్లాడండి. ఒంటరిగా కాకుండా నాలుగు చేల వాళ్ళు కలిసి ఒకే రోజు కాటా పెట్టించుకుంటే మాట చెల్లుతుంది.

కాటా లారీ రావడానికి ముందు రోజే తిండిగింజల బస్తాలు కుట్టి, సున్నంతో గుర్తు పెట్టి, ఇంట్లోకి చేర్చేయండి. లారీ కళ్ళంలో ఆగాక తీసిపెడదాం అనుకుంటే కుదరదు. ఎవరో అప్పు గుర్తుచేస్తారు, ఇంకో రెండు బస్తాలు వేస్తే లోడు నిండుతుంది అంటారు, చెయ్యి జారిపోతుంది. విత్తనం బస్తా వేరే, దాని మీద రకం పేరు, సంవత్సరం రాయండి. తర్వాత నోట్‌బుక్‌లో ఆ రోజు తారీఖు వేసి, ఇంట్లో ఎన్ని బస్తాలు, ఎన్ని కిలోల కంది, మినుము ఉన్నాయో రాయండి. ఉగాదికి, మళ్ళీ కాలువలు కట్టేసే రోజుకి ఇంటావిడ ఎంత మిగిలిందో పక్కన రాస్తారు. వచ్చే సార్వాకి గట్టు మీద ఎన్ని కుదుర్లు పెట్టాలో, జీలుగ ఎంత చల్లాలో ఆ పేజీ చూసి నిర్ణయించుకోండి.